మా నాన్న అసలు వయసు పళ్ళను బట్టి తేల్చగలరా? ఈ వయసులో ఇంప్లాంట్లు పెట్టించవచ్చా?

కనిగిరి అమ్మాయి:

అందరికీ నమస్కారం. నావి రెండు ప్రశ్నలు. రెండూ మా నాన్న నోటికి సంబంధించినవే కాబట్టి ఒకేచోట అడుగుతున్నాను.

మా నాన్న కనిగిరి దగ్గర పల్లెలో పుట్టి పెరిగారు. వ్యవసాయం. ఆధార్‌లో పుట్టిన తేదీ 1961 జనవరి 1 అని ఉంది. కార్డు తీసిన రోజున అక్కడి కుర్రాడు "యాభై ఉంటాయా పెద్దాయనా" అని అడిగితే ఈయన "ఉంటాయిలే" అన్నారట. ఆ మాటే తేదీ అయిపోయింది. మా నాయనమ్మ మాత్రం బతికున్నన్నాళ్ళూ ఒకటే చెప్పేది. నెహ్రూ వచ్చి సాగర్ డ్యామ్‌కి శంకుస్థాపన చేసినప్పుడు తను మాచర్లలో పుట్టింట్లో ఉందట, అప్పుడే నాన్న తప్పటడుగులు వేస్తున్నారట. ఆ శంకుస్థాపన జరిగింది 1955 డిసెంబరు 10న. ఆ లెక్కన నాన్న 1954 చివర్లో పుట్టి ఉండాలి. అంటే ఆధార్ ఆయన్ని ఆరేళ్ళు చిన్నవాణ్ణి చేసింది.

ఇన్నాళ్ళూ ఎవరూ పట్టించుకోలేదు. ఇప్పుడు మోకాళ్ళ ఆపరేషన్ చేయించాలి. 70 దాటిన వాళ్ళకి ఉచిత వైద్యం కోసం ఇచ్చే ఆయుష్మాన్ వయ వందన కార్డుకి ఆధార్‌లో ఉన్న వయసే చూస్తారు. ఆధార్ ప్రకారం ఆయనకి 70 రావాలంటే 2031 దాకా ఆగాలి.

పోయిన నెల కింద ఎడమవైపు దవడ పన్ను తీయించాం. ఆ డాక్టరు ఎక్స్‌రే చూసి "మీ నాన్నగారికి డెబ్బై పైనేనమ్మా, పళ్ళే చెబుతున్నాయి" అన్నారు. నాకు ప్రాణం లేచొచ్చినట్టయింది. పళ్ళు చూసి అంత కచ్చితంగా చెప్పగలరా? దాని మీద సర్టిఫికెట్ ఇస్తే చెల్లుతుందా? తీసిన పన్ను నా దగ్గరే ఉంది.

రెండో ప్రశ్న. పైన ఇప్పటికే కట్టుడు పళ్ళ సెట్ ఉంది, దాంతో ఇబ్బంది లేదు. కింద మిగిలినవి ముందు పళ్ళు నాలుగైదు, అవీ ఊగుతున్నాయి. అన్నీ తీసేసి కింద మొత్తం ఇంప్లాంట్ల మీద, అంటే దవడ ఎముకలో బిగించే టైటానియం మరల మీద, ఫిక్స్‌డ్ పళ్ళు కడతామన్నారు, లక్షల్లో చెప్పారు. నాన్నేమో "ఈ వయసులో నాకెందుకమ్మా, ఉన్నన్నాళ్ళు మెత్తగా పిసుక్కుని తింటా" అంటున్నారు. జొన్న రొట్టె మానేశారు, వేరుశెనక్కాయలు మానేశారు. ఒళ్ళు తగ్గిపోతోంది, చూస్తుంటే టెన్షన్‌గా ఉంది. షుగర్ ఉంది, మాత్రలు వేసుకుంటారు. బీడీ మానేసి చాలా కాలమైంది.

పొదిలి రైతుబిడ్డ:

చెల్లెమ్మా, సంతలో ఎద్దుని కొనేటప్పుడు మా పెదనాన్న ముందు మూతి పట్టుకుని పెదవి ఎత్తి చూసేవాడు. రెండు పళ్ళదా, నాలుగు పళ్ళదా, ఆరు పళ్ళదా అని చూసి వయసు చెప్పేవాడు, తప్పేది కాదు. ఎద్దుకి తెలిసేది మనిషికి ఎందుకు తెలియదు? డాక్టరు చెప్పాడంటే నిజమే అయ్యుంటుంది.

ఒంగోలు వకీలు:

కాగితాల సంగతి వరకు నేను చెబుతాను. పళ్ళ పరీక్ష గాని, ఎముకల పరీక్ష గాని వయసుకి ఆధారంగా కోర్టులు చూసేది చివర్లోనే. 2015 నాటి జువెనైల్ జస్టిస్ చట్టం 94వ సెక్షన్ చూడండి. మొదట స్కూలు సర్టిఫికెట్, అది లేకపోతే మున్సిపాలిటీ లేదా పంచాయతీ ఇచ్చిన జనన ధ్రువపత్రం, రెండూ లేనప్పుడే వైద్య పరీక్ష. ఆ పరీక్షలోనూ అటూ ఇటూ రెండేళ్ళు తేడా ఉండొచ్చని సుప్రీంకోర్టు 1982లోనే జయమాల కేసులో చెప్పింది. అదీ పిల్లల విషయంలో. మీ నాన్నగారి వయసులో ఆ తేడా ఇంకా ఎంత పెరుగుతుందో డాక్టర్లు చెప్పాలి.

నా సలహా ఏమిటంటే, ముందు ఆయన చదివిన ప్రాథమిక పాఠశాలకి వెళ్ళి అడ్మిషన్ రిజిస్టర్ అడగండి. ఒకటో తరగతిలో పేరు రాయించుకుని మానేసినా అందులో ఉంటుంది. పొలం రిజిస్ట్రేషన్ దస్తావేజుల్లో "వయస్సు సుమారు ఇన్ని సంవత్సరములు" అని రాస్తారు, పాత ఓటరు జాబితాల్లోనూ వయసు ఉంటుంది. వీటితో ఆలస్యపు జనన నమోదుకి మేజిస్ట్రేటు ఉత్తర్వు తెచ్చుకోవచ్చు. 2023 సవరణ తర్వాత ఏడాది దాటిన నమోదులకి దారి అదే. ఇంకొక్క మాట. ఆధార్‌లో పుట్టిన తేదీ మామూలుగా ఒక్కసారే మారుస్తారు. గట్టి కాగితం చేతిలో లేకుండా ఆ ఒక్క అవకాశం వాడేసుకోకండి.

ఓరల్ పాథాలజీ మాస్టారు:

అమ్మా, నేను డెంటల్ కాలేజీలో ఈ పాఠమే చెబుతాను. కాస్త పొడుగ్గా రాస్తున్నాను, ఎందుకంటే మీ ప్రశ్నలో ఆశ ఉంది, దాన్ని ఒక్క ముక్కలో "కుదరదు" అని కొట్టేయడం నాకిష్టం లేదు.

రైతుబిడ్డ గారు ఎద్దు గురించి చెప్పింది అక్షరాలా నిజం. కాకపోతే ఆ లెక్క ఎద్దుకి నాలుగైదేళ్ళు వచ్చేదాకానే. అన్ని పళ్ళూ వచ్చేశాక మిగిలేది అరుగుదల చూసి అంచనా వేయడమే. మనిషికీ అంతే. పన్ను తయారవుతున్నన్నాళ్ళూ దానికో క్రమం ఉంటుంది, తిండి తక్కువైనా జబ్బు చేసినా ఆ క్రమం పెద్దగా చెదరదు. 1833లో బ్రిటన్‌లో తొమ్మిదేళ్ళ లోపు పిల్లల్ని బట్టల మిల్లుల్లో పెట్టుకోకూడదని చట్టం వచ్చింది. పిల్లల వయసు తెలిసేదెలా? ఎడ్విన్ సాండర్స్ అనే దంతవైద్యుడు వందలాది పిల్లల నోళ్ళు చూసి, ఎత్తు కన్నా పళ్ళే నమ్మకమని 1837లో పార్లమెంటుకి నివేదించాడు. 1973లో డెమిర్జియన్ బృందం కెనడాలో కింది ఎడమవైపు ఏడు పళ్ళు తీసుకుని, ఒక్కో పన్ను ఎదుగుదలని ఎనిమిది దశలుగా విడగొట్టింది. ఇప్పటికీ పిల్లల వయసు తేల్చడానికి దాన్నీ, దానికి ఆయా దేశాల్లో చేసిన సవరణల్నీ వాడుతున్నాం. జ్ఞానదంతం వేరు మూసుకోవడం ఇరవై ఏళ్ళ దగ్గర పూర్తవుతుంది. అక్కడితో గడియారం ఆగిపోతుంది.

తర్వాత పన్నులో జరిగేవి వేరే మార్పులు. మీ డాక్టరు ఎక్స్‌రేలో చూసింది నాడి గది ఇరుకైపోవడం. పన్ను బతికున్నన్నాళ్ళూ లోపలి గోడకి కొత్త డెంటిన్ (పన్ను లోపలి గట్టి పదార్థం) పొర చేరుతూనే ఉంటుంది, నాడి ఉండే జాగా సన్నబడుతుంది. దీన్ని కొలిచి వయసు కట్టే సూత్రాలు ఉన్నాయి. నార్వేలో క్వాల్ 1995లో ఇచ్చిన పద్ధతి, ఇటలీలో కామెరియేరే 2004లో కోర పన్ను మీద చేసిన పద్ధతి బాగా వాడుకలో ఉన్నాయి. మీ డాక్టరు అనుభవంతో అన్న మాట తప్పు కాదు. కానీ అది కంటిచూపు అంచనా. కొలిచి చెప్పినా పెద్దవాళ్ళలో అటూ ఇటూ పదేళ్ళు తేడా రావడం మామూలే. మీరు తేల్చమంటున్నది ఆరేళ్ళ తేడా.

రెండో మార్పు నాకు చాలా ఇష్టమైనది. మా ల్యాబ్‌లో తీసేసిన పన్నుని నిలువుగా కోసి, రాయి మీద నీళ్ళు పోసుకుంటూ అరగదీస్తాం. మొదట గరుకు రాయి, తర్వాత నున్న రాయి. వేలి కింద పన్ను పలచబడటం తెలుస్తూ ఉంటుంది. కాస్త ఎక్కువ నొక్కితే పుటుక్కున విరిగి మొదటికొస్తుంది. చివరికి పలచని రేకులా తయారయ్యాక దాన్ని గళ్ళ కాగితం మీద పెడితే, పాతికేళ్ళ కుర్రాడి పన్నయితే వేరంతా మసకగా ఉండి కింద గీత కనపడదు. డెబ్బై ఏళ్ళ మనిషి పన్నయితే వేరు కొస నుంచి పైకి సగం దాకానో ఇంకా పైదాకానో అద్దంలా ఉంటుంది, కాగితం మీద గళ్ళు అందులోంచి లెక్కపెట్టొచ్చు. డెంటిన్‌లో ఉండే సన్నని గొట్టాలు వయసుతో ఖనిజంతో పూడిపోతాయి. అప్పుడు వెలుగు చెదరకుండా సూటిగా వెళ్ళిపోతుంది. ఆ అద్దం భాగం పొడవు కొలిచి వయసు కట్టే సూత్రాన్ని బాంగ్, రామ్ అనే ఇద్దరు 1970లో నార్వేలో ఇచ్చారు. అందంగా కనపడే ఆ భాగమే పెళుసు కూడా. పెద్దవాళ్ళ పళ్ళు గట్టి పలుకు తగిలితే నిలువునా చీలిపోవడానికి అదొక కారణం.

ఇలాంటివన్నీ కలిపి చూడటం మొదలుపెట్టింది స్వీడన్‌లో గుస్తాఫ్సన్, 1950లో. అరుగుదల, చిగురు దిగిపోవడం, లోపలి డెంటిన్, వేరు మీద చేరే సిమెంటం పొర, వేరు కరగడం, వేరు అద్దంలా మారడం, ఈ ఆరింటికీ సున్నా నుంచి మూడు దాకా మార్కులు వేశాడు. తన పద్ధతిలో తేడా మూడున్నరేళ్ళేనని చెప్పాడు. 1979లో మళ్ళీ లెక్క కట్టి చూస్తే అది దాదాపు రెట్టింపని తేలింది. పైగా ఈ మార్కులు ఊరిని బట్టి మారిపోతాయి. మీ నాన్నగారి తరం కచ్చికతో, బొగ్గుతో, ఇటుక పొడితో పళ్ళు తోముకున్న తరం. తిరగలి పిండిలో రాతి నలుసు ఉంటుంది. బీడీ వల్ల చిగుళ్ళు త్వరగా దిగుతాయి. ఆ నోటికి స్వీడన్ పట్టిక పెడితే వయసు ఎక్కువే చూపిస్తుంది.

ఇంకో సంగతి. ఆయనవి గార పళ్ళా? ఈ దేశంలో ఫ్లోరోసిస్ (తాగే నీళ్ళలో ఫ్లోరైడు ఎక్కువై వచ్చే జబ్బు) గురించి మొట్టమొదట 1937లో వైద్యులు రాసింది మీ ప్రాంతం గురించే, అప్పటికి అది నెల్లూరు జిల్లా. పన్ను పింగాణి (పైనుండే తెల్లని గట్టి పొర) తయారయ్యే రోజుల్లో, అంటే సుమారు ఎనిమిదేళ్ళ లోపు, ఆ నీళ్ళు తాగితేనే గోధుమరంగు మచ్చలు పడతాయి. ఆ మచ్చలు ఆయన ఏ నీళ్ళు తాగి పెరిగారో చెబుతాయి గాని, ఏ ఏడు పుట్టారో చెప్పవు.

మీ దగ్గరున్న పన్ను గురించి ఒక్క మాట చెప్పకుండా ఉండలేను. సిద్ధాంతంగా చూస్తే ఆ పన్ను మీ తగవు తీర్చగలదు. 1955 నుంచి 1963 దాకా అగ్రదేశాలు గాలిలో అణుబాంబులు పేల్చడంతో వాతావరణంలో కార్బన్-14 అనే రేడియోధార్మిక కార్బన్ దాదాపు రెట్టింపైంది. 1963 ఒప్పందంతో పేలుళ్ళు చాలామటుకు ఆగాయి, అది తగ్గుముఖం పట్టింది. పన్ను పింగాణి ఒకసారి తయారయ్యాక మళ్ళీ మారదు. తయారైన రోజుల నాటి గాలిని, తిండిని అది అలాగే దాచుకుంటుంది. 2005లో స్వీడన్‌లోని కరోలిన్‌స్కా పరిశోధకులు ఇలా పింగాణిలో కార్బన్-14 కొలిచి, ఏడాదిన్నర అటూ ఇటూ తేడాతో పుట్టిన ఏడు చెప్పగలిగారు. ఆరేళ్ళకి వచ్చే మొదటి దవడ పన్ను పింగాణి పుట్టినప్పటి నుంచి మూడేళ్ళలో తయారవుతుంది. మీ నాన్నగారు 1954 చివర్లో పుట్టి ఉంటే అది 1958 నాటికి పూర్తై ఉండాలి, బాంబుల గుర్తు అందులో కొంచెమే ఉంటుంది. 1961లో పుట్టి ఉంటే 1963, 64 నాటి శిఖరం అందులో కనపడాలి. రెండింటికీ మధ్య తేడా చాలా పెద్దది. కార్బన్ కొలిచే యాక్సిలరేటరు మన దేశంలోనూ ఉంది, ఢిల్లీలో. కానీ అది పరిశోధనకి. అందుకోసం పింగాణిని కరిగించేస్తారు, ఆ ఫలితం తెచ్చి చూపిస్తే కార్డు ఇచ్చే ఆఫీసులో దానికి గడి లేదు. మీరు వకీలు గారి మాట వినండి, స్కూలు రిజిస్టరు వెతకండి. పన్ను మాత్రం పారేయకండి. మీ నాయనమ్మ చెప్పింది నమ్మడానికి మీకున్న కారణం చాలా గట్టిది. పల్లెల్లో పెద్దవాళ్ళు ఇలా ఒక పెద్ద సంఘటనకి ముడిపెట్టి చెప్పే వయసు, అడ్డదిడ్డంగా రాసిన కార్డు కన్నా నిజానికి దగ్గరగా ఉండటం నేను చాలాసార్లు చూశాను.

ఇక ఇంప్లాంట్లు. మీ నాన్నగారి మొదటి మాటకి నా జవాబు: వయసు అడ్డం కాదు. ఎనభై దాటిన వాళ్ళ దవడలో కూడా టైటానియంకి ఎముక అతుక్కుంటుంది. స్వీడన్‌లో బ్రోనెమార్క్ అనే వైద్యుడు 1965లో మొదటి మనిషికి పెట్టిన ఇంప్లాంట్లు ఆ మనిషి 2006లో చనిపోయేదాకా పనిచేశాయి. చిన్నవాళ్ళకే పెట్టకూడదు, ఎందుకంటే దవడ ఇంకా పెరుగుతూ ఉంటుంది, ఇంప్లాంటు దాంతోపాటు కదలదు. పెద్దవాళ్ళలో చూడాల్సింది షుగర్ అదుపు, పొగ, చిగుళ్ళ జబ్బు, రక్తం పలచబడే మందులు, ఎముకలకి వాడే మందులు. అన్నిటి కన్నా ముఖ్యం ఆయన చేతులు. రోజూ ఇంప్లాంటు చుట్టూ తోముకోగలరా? సొంత పన్ను చుట్టూ ఉండే మెత్తని నార ఇంప్లాంటు చుట్టూ ఉండదు. పాచి పేరుకుంటే చీము నేరుగా ఎముకలోకి దిగుతుంది.

కింద అంతా ఫిక్స్‌డ్ అని కంగారు పడకండి. కింద పళ్ళు లేనివాళ్ళకి ముందువైపు రెండే రెండు ఇంప్లాంట్లు పెట్టి, వాటికి బొత్తాంలా పట్టుకునే కట్టుడు సెట్ ఇవ్వడాన్నే మొదటి ఎంపికగా పెట్టుకోవాలని 2002లో కెనడాలోని మెక్‌గిల్ విశ్వవిద్యాలయంలో నిపుణులంతా కలిసి చెప్పారు. మీ నాన్నగారిలాంటి వాళ్ళ కోసమే ఆ మాట. పై సెట్‌కి అంగిలి ఆసరా ఉంటుంది, కింద సెట్‌కి అదీ ఉండదు, నాలుక తోసేస్తూ ఉంటుంది. పళ్ళు తీశాక కింది దవడ ఎముక పైదాని కన్నా సుమారు నాలుగు రెట్లు అరుగుతుందని టాల్‌గ్రెన్ అనే పరిశోధకురాలు పాతికేళ్ళ పాటు ఎక్స్‌రేలు తీసి 1972లో చూపించింది. అందుకే ఏళ్ళ తరబడి వాయిదా వేయడం మంచిది కాదు. ఖర్చు ఫిక్స్‌డ్ పళ్ళతో పోలిస్తే బాగా తక్కువ. తీసి కడుక్కోవచ్చు, ఆయన చేయలేని రోజు వస్తే మీరే తీసి కడగొచ్చు.

ఆయనకి నడుం, మెడ బిగుసుకుపోయి ఉంటే ఫ్లోరైడు ఎముకలో కూడా చేరి ఉండొచ్చు, అది డాక్టరుకి ముందే చెప్పండి. అలాంటి ఎముక గట్టిగా ఉంటుంది, డ్రిల్లు వేడెక్కుతుంది. 47 డిగ్రీల వేడి ఒక్క నిమిషం తగిలినా ఎముక కణాలు చచ్చిపోతాయని 1983లోనే తేలింది. చల్లని సెలైన్ పోస్తూ, నెమ్మదిగా, ఆగి ఆగి తొలిచే డాక్టరు కావాలి.

తెనాలి కోడలు:

మాస్టారు చెప్పిన రెండు ఇంప్లాంట్ల సెట్టే మా అత్తగారికి పెట్టించాం. పెట్టిన మూడు నెలలకి సెట్ తగిలించారు, అప్పటిదాకా మెత్తని తిండే. ఇప్పుడు చేగోడీలు తింటారు. రెండు విషయాలు ముందే అడగండి. లోపల ఉండే రబ్బరు రింగులు అరిగిపోతాయి, మార్చడానికి ఎంత తీసుకుంటారో అడగండి. ఏ కంపెనీ ఇంప్లాంటో రాసిన కార్డు ఇమ్మనండి, రేపు ఇంకో ఊళ్ళో చూపించాల్సి వస్తే అది లేకుండా విడిభాగాలు దొరకవు. రాత్రి సెట్ తీసి నీళ్ళలో వేసి పడుకోవాలి. మా అత్తగారు మొదట్లో "పళ్ళు లేకుండా ఎలా పడుకుంటానే" అని ఒప్పుకునేవారు కాదు, చిగురు పుండు పడ్డాక ఒప్పుకున్నారు.

కనిగిరి అమ్మాయి:

మాస్టారూ, వకీలు గారూ, అందరికీ చాలా చాలా థాంక్స్. మీరు రాసింది నాన్నకి చదివి వినిపించాను. అణుబాంబుల సంగతి రెండుసార్లు చదివించుకున్నారు. గార పళ్ళే, నడుం వంగడం కష్టమే. రిజిస్టరు కోసం స్కూలుకి తమ్ముణ్ణి పంపుతున్నాను. రెండు ఇంప్లాంట్ల సెట్ అంటే నాన్న కొంచెం మెత్తబడ్డారు.

ఒక్క సందేహం. ఎముకల మందులు అన్నారు కదా. నడుం నొప్పికని ఏడాదికోసారి సెలైన్‌లో ఎక్కించే ఇంజెక్షన్ రెండేళ్ళ నుంచి చేయిస్తున్నాం. కాగితం మీద జోలెడ్రోనిక్ యాసిడ్ అని ఉంది. పన్ను తీసిన డాక్టరు అడగలేదు, మేమూ చెప్పలేదు. ఫర్వాలేదా?

ఓరల్ పాథాలజీ మాస్టారు:

మంచిపని చేశారమ్మా అడిగి. భయపడకండి, కానీ దీన్ని దాటేయకండి. ఈ మందు ఎముకలోనే ఏళ్ళ తరబడి ఉండిపోతుంది, ఎముక తనని తాను మరమ్మతు చేసుకునే వేగాన్ని తగ్గిస్తుంది. పన్ను తీసిన చోట మానకుండా ఎముక బయటికి కనపడే సమస్య కొందరికి వస్తుందని 2003లో మొదట బయటపడింది. క్యాన్సర్‌కి తరచుగా, పెద్ద మోతాదులో ఎక్కించుకునే వాళ్ళలో ఆ ప్రమాదం ఎక్కువ, మీ నాన్నగారిలా ఏడాదికోసారి తీసుకునే వాళ్ళలో చాలా తక్కువ.

ఇవాళ చేయాల్సింది ఇది. పగటి వెలుగులో ఆయన నోరు తెరిపించి, పన్ను తీసిన చోటు చూడండి. గులాబి రంగు చిగురు పూర్తిగా కప్పేసి ఉంటే మంచిది. పసుపుగానో తెల్లగానో గట్టిగా ఏదైనా కనపడినా, వాసన వచ్చినా, కింది పెదవి తిమ్మిరిగా ఉందన్నా రేపే నోటి సర్జన్ దగ్గరికి తీసుకెళ్ళండి. మిగిలిన ఊగే పళ్ళు ఇప్పుడే తీయించకండి. ఇంజెక్షన్ రాసిన ఎముకల డాక్టరుకీ, పళ్ళ డాక్టరుకీ ఒకరి చీటీ ఇంకొకరికి చూపించండి. ఈ ఏడాది డోసు ఎప్పుడు ఉందో, దానికి ముందా తర్వాతా పళ్ళ పని పెట్టుకోవాలో వాళ్ళిద్దరూ మాట్లాడుకుని చెప్పాలి. మీ అంతట మీరు ఇంజెక్షన్ ఆపొద్దు. ఈ లోపు మూడు నెలల షుగర్ సరాసరి పరీక్ష, హెచ్‌బీఏ1సీ, చేయించి ఉంచండి. ఆ నంబరు, పన్ను తీసిన చోటు ఎలా ఉందో ఇక్కడ రాయండి, దవడ ఎముకని అన్ని వైపుల నుంచీ చూపే సీబీసీటీ స్కాన్ ఎప్పుడు తీయించాలో అప్పుడు చెబుతాను.